ఎవరి గడపా లేని చోట

పదిమంది బంధువులు ఒకచోట చేరవలెనంటే మునుపు ఎవరో ఒకరి ఇల్లు కావలసి ఉండేది. ఎవరు ముందుగా పిలిచినారు, ఎవరు గుమ్మము దాకా ఎదురు వచ్చినారు, కాళ్ళకు నీళ్ళు ఇచ్చినది ఎవరు, ఇవ్వడము మరచినది ఎవరు అన్న లెక్కలతోనే మా వంశ చరిత్రలో సగము నిండి ఉన్నది. ఇప్పుడు ఇల్లు అక్కర లేదు. గంటకు ఇంత అని రుసుము చెల్లిస్తే చాలు, బంధువులను కూర్చుండబెట్టుకొనే చోటు దొరుకుతుంది. పిల్లలు ఎగిరి దూకడానికి మెత్తని నేల, పెద్దలకు ఒక బల్ల, చల్లని గాలి, అన్నీ ఆ రుసుములోనే చేరి ఉంటవి. అటువంటి చోటికి నేను 2024 మే నెలలో, మా రాయపూరులోనే, మొదటిసారి వెళ్ళినాను. ఇష్టము లేకనే వెళ్ళినాను.

ఏర్పాటు చేసినది మా అమ్మాయి. ఆమె కూతురికి ఆ నెల 26వ తేదీ, ఆదివారము నాటికి ఐదేండ్లు నిండుతవి. విజయనగరం నుంచి మా చెల్లెలు, హైదరాబాదు నుంచి మా అబ్బాయి కుటుంబము, భిలాయి నుంచి మా అన్నయ్య, వదినె, వారి పిల్లలు, పిల్లల పిల్లలు అందరూ రావలెనని ఆమె సంకల్పము. చోటు మాత్రము జి.ఇ. రోడ్డుమీది ఒక మాల్‌లో, మూడవ అంతస్తులో ఉన్న పిల్లల ప్లే జోన్. "ఆడుకోవడానికి టిక్కెట్టు కొనడమేమిటమ్మా? మా రోజులలో ఆట ఊరక దొరికేది" అన్నాను. "మీ రోజులలో వాకిలి కూడా ఊరకనే దొరికింది నాన్నా" అన్నది ఆమె. దీనికి నా వద్ద సమాధానము లేదు. ఆ వాకిలిని అమ్మినవారిలో నేనొకడిని.

ఆ వాకిలి సంగతి చెప్పవలెనంటే రైలు సంగతి చెప్పవలెను. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా అంతకు ముందే ఉన్న దారిని బెంగాలు నాగపూరు రైల్వేవారు రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా అడవుల నడుమ పొడిగించుకొంటూ వచ్చి 1931లో రాయపూరు చేర్చినారు. మధ్యపరగణాల సరకును సముద్రము దాకా చేర్చడము వారి ఉద్దేశము. 1933లో విశాఖపట్నము రేవు తెరిచినారు. సరకు ఒక దిక్కుకు పోతూ ఉంటే మనుష్యులు ఎదురుదిక్కుకు వచ్చినారు. ఉత్తరాంధ్ర పల్లెలనుంచి ఫిట్టర్లు, గాంగుమన్లు, గుమాస్తాలు, వారి వెనుకనే రుబ్బురోళ్ళు, ఆవకాయ జాడీలు, అమ్మవారి పటాలు ఇటు తరలినవి. మా నాన్న 1954లో ఆ దారినే వచ్చి గుమాస్తాగా చేరినాడు. 1965లో అప్పు చేసి గుఢియారిలో ఇల్లు కట్టినాడు. గదులు మూడే, వాకిలి వాటికి రెండింతలు. ఇల్లు లేచిన ఏడే అన్నయ్య ఆ వాకిట్లో ఒక జామమొక్క నాటినాడు. అప్పుడు ఆయనకు పదునైదేండ్లు, నాకు తొమ్మిది.

దసరాకు ఆ ఇంట నలుబదిమంది చేరేవారు. బంధువులే కానక్కర లేదు. పార్వతీపురం పాసింజరు దిగి ఇంకా క్వార్టరు దొరకనివారు, దొరికినా ఒంటరిగా ఉన్నవారు, ఎవరైనా సరే. సాయంకాలము అందరమూ డబ్ల్యు.ఆర్.ఎస్. కాలనీకి నడిచిపోయి రావణుని కాల్చడము చూచి వచ్చేవారము. తిరిగి రాగానే జమ్మి ఆకు పెద్దల చేతులలో పెట్టి కాళ్ళకు దండము పెట్టవలెను. నాన్న తరువాత అన్నయ్య. ఆరేండ్లు పెద్దవాడైనందుకు ఆయన ఎంతో గంభీరముగా నిలబడి నా దండము స్వీకరించేవాడు. తక్కిన కాలమంతా మేము చెట్టుమీద ఉండేవారము. కోతికొమ్మచ్చి ఆడడానికి జామచెట్టును మించినది లేదు. కొమ్మ వంగుతుంది గాని విరగదు. మా అరుపులు వంటింటికి వినిపిస్తూ ఉండేవి, వంటింటి మాటలు మాకు వినిపిస్తూ ఉండేవి. ఎవరికి పెండ్లి కుదిరింది, ఎవరికి బదిలీ అయింది, ఎవరు ఎవరితో మాటలు మానివేసినారు అన్నవన్నీ మాకు కొమ్మలమీదనే తెలిసినవి.

ఆ ఇంటిని 2012లో అమ్మినాము. అమ్మవలెనన్నది నేను. అమ్మాయి పెండ్లి దగ్గరపడింది. నాన్న ఏనాడో పోయినాడు, అమ్మ పోయి అప్పటికి మూడేండ్లు. అన్నయ్య కాదనలేదు. చెల్లెలు తనకేమీ వద్దని వ్రాసి ఇచ్చింది. చట్టము ప్రకారము ఆమెకూ మాతో సమానమైన వాటా ఉన్నది. ఆ వద్దన్న మాటను మేమిద్దరమూ ఎంత త్వరగా అంగీకరించినామో తలచుకొంటే ఇప్పుడు సిగ్గు కలుగుతుంది. సరే, మిగిలినది ఇద్దరము. అన్నయ్య ఉక్కు కర్మాగారములో ముప్పదియేండ్లకు పైగా పనిచేసి భిలాయిలో స్థిరపడినవాడు. గుఢియారి ఇంటి కప్పు కారినప్పుడెల్లా అంత దూరమునుంచి వచ్చి మరమ్మతు చేయించినవాడు ఆయనే. వాటాలు వేసుకొనే రోజున, ఆ ఖర్చు కొంత తీసి మిగిలినది సగము చేసుకొందామన్నాడు. న్యాయమైన మాట. నేను రైల్వే లెక్కల ఆఫీసులో ఉద్యోగమంతా ఇతరుల బిల్లులు సరిచూస్తూ గడిపినవాడిని. అలవాటు చొప్పున నోటివెంట ఒక మాట వచ్చింది: "రసీదులు ఉన్నవా?"

ఆయన నా ముఖము చూచినాడు. ఖర్చు మాట మరి ఎత్తలేదు. పైసాతో సహా సగము చేసి, కాగితాలమీద సంతకము పెట్టి, బస్సెక్కి వెళ్ళిపోయినాడు. మా అమ్మాయి పెండ్లికి వదినె వచ్చింది. ఆయనకు జ్వరమని చెప్పింది. పన్నెండేండ్లు ఆయన మా గడప తొక్కలేదు, నేను ఆయన గడప తొక్కలేదు. రాయపూరుకు భిలాయికి నడుమ దూరము ముప్పది కిలోమీటర్లు.

అమ్మాయి ఫోను చేసినప్పుడు ఆయన అడిగినది ఒకటే ప్రశ్న: "ఎవరింట్లోనమ్మా?" "ఎవరింట్లోనూ కాదు పెదనాన్నా" అని ఆమె చెప్పింది. అవతల కొంతసేపు మాట లేదట. తరువాత "ఎన్ని గంటలకు?" అన్నాడట. ఇది విన్నది మొదలు టిక్కెట్టు మాట నేను ఎత్తలేదు.

ఎండను గూర్చి కూడా ఒక మాట చెప్పవలెను. మే 25 ప్రాంతమున రోహిణి ప్రవేశిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతవని మనవారంటారు; అందులో మొదటి తొమ్మిది దినాలను ఇక్కడివారు నౌతపా అంటారు. పేరేదైనా, ఆ దినాలలో రాయపూరు నలుబదియైదు డిగ్రీల వేడి చూడడము వింత కాదు. వడగాలి తగలకుండ జేబులో ఉల్లిపాయ వేసుకొని తిరిగేవారిని నేటికీ చూస్తాము. మధ్యాహ్నము పిల్లలను బయటికి వదిలే తల్లి ఉండదు. పోనీ శీతకాలములో వదులుదామంటే ఉర్లా, సిల్తరా కర్మాగారాల దిక్కునుంచి నల్లని ధూళి వచ్చి మేడలమీద ఆరవేసిన బట్టలమీద దిగుతుంది. ఫ్లాట్లలో నేలంతయు కార్లది. పిల్లలను దూదిలో పెట్టి పెంచుతున్నారని ఈ కాలపు తలిదండ్రులను నిందించేవారు ముందు తలుపు తీసి బయటికి చూడవలెను. నేనూ మొన్నటిదాకా ఆ నిందించేవారిలోనివాడినే.

చెల్లెలిని స్టేషనులో దింపుకొని ఎక్స్‌ప్రెస్ వే మీదుగా వెళ్ళినాము. 1900లో వేసిన ధమ్తరి చిన్న పట్టాల దారి ఇక్కడనే ఉండేది. పట్టాలు తీసివేసి ఆ నేలమీద ఈ రోడ్డు వేసినారు. ఆ బండి ఎంత మెల్లగా పోయేదంటే, మేము చిన్నప్పుడు నడుస్తున్న పెట్టెనుంచి దిగి రేగుపళ్ళు ఏరుకొని, పరుగెత్తి మళ్ళీ ఎక్కేవారము. చెల్లెలు కిటికీకి ముఖము ఆనించి, "మన బండి దారి ఇంత వెడల్పా!" అన్నది. అద్దములోనుంచి వేడి తగిలి వెంటనే ముఖము తీసుకొన్నది.

మాల్‌లోపలికి రాగానే ఒళ్ళు జల్లుమనే చలి. ప్లే జోన్ వాకిట్లో ముందు చెప్పులు విప్పవలెను. ఇది మన ఇండ్ల ఆచారమే గదా అని సంతోషించినాను. తరువాత మేజోళ్ళు తొడుక్కొనవలెను. ఇది మన ఆచారము కాదు. అడుగున రబ్బరు చుక్కలున్న మేజోళ్ళు అక్కడనే కొనవలెను, అవి లేనిదే లోపల అడుగు పెట్టనివ్వరు. ఆడే పిల్లల మణికట్టుకు కాగితపు పట్టీ చుట్టి దానిమీద లోపలికి వచ్చిన వేళ వ్రాస్తారు. ఆటకు వేళ వ్రాసి కట్టడము చూచి నాకు రైల్వే గూడ్సు ఆఫీసులో మూటలకు చీట్లు కట్టడము గుర్తు వచ్చింది. గోడమీద ఇంకొక నిబంధన ఉన్నది: బయటి తినుబండారాలు తేరాదు. మా చెల్లెలు దానిని రెండుసార్లు చదివింది. ఆమె సంచిలో భీమాలి మామిడి తాండ్ర ఉన్నది. విజయనగరం నుంచి వచ్చే మనిషి వేసవిలో తాండ్ర లేకుండ వస్తుందా? "ఇది తినుబండారము కాదు, మందు" అని నిర్ణయించి సంచిని చీరకొంగు చాటున పెట్టుకొని లోపలికి నడిచింది. తలుపు దగ్గరి పిల్ల చూచి, చూడనట్లు ఊరుకొన్నది.

లోపల ఒక పెద్ద గది. మెత్త పొదిగిన స్తంభాలు, వాటినడుమ వలలు, సొరంగాలు, వంకరటింకర జారుడుబండలు. ఒక మూల ట్రాంపొలిన్లు. మధ్యన బాల్ పూల్ అని పిలిచే తొట్టి. నీటికి బదులు రంగురంగుల ప్లాస్టిక్ బంతులు నడుము లోతున నింపి ఉన్నవి. ఈ రకపు ఆటలకు మొదట రూపము దిద్దినవారిలో ముఖ్యుడు ఎరిక్ మెక్‌మిలన్ అన్న రూపకర్త. కెనడాలోని టొరంటోలో ఆంటారియో ప్లేస్ అన్న ఉద్యానములో 1972లో ఆయన పిల్లల పల్లె ఒకటి నిర్మించినాడు. బంతుల తొట్టి 1976లో అమెరికాలోని శాన్ డియాగోలో మొదలైనది. అక్కడినుంచి దేశదేశాలకు పాకింది. నాకు మాత్రము ఆ వలలు, ఆ మెట్లు చూడగానే జామచెట్టు గుర్తు వచ్చింది. ఇది కోతికొమ్మచ్చియే, చెట్టు లేని కోతికొమ్మచ్చి. కౌరవులు చెట్టెక్కితే భీముడు మొదలు పట్టి ఊపి పండ్లవలె రాల్చినాడని భారతములో విన్నాము. మా అన్నయ్య మనుమడొకడు, బలిష్ఠుడు, వల ఊపి చిన్నవారిని రాల్చడము మొదలుపెట్టినాడు. రాలినవారు నవ్వుతూ లేచినారు. క్రింద మెత్త ఉన్నది గదా! మాకు మోకాళ్ళు పగిలేవి. మోకాలు పగలడమే ఆటకు గొప్ప అని వాదించే ముసలివారిలో నేను చేరను. మా మోకాళ్ళకు పసుపు అద్దినవారిని అడగవలెను.

నన్ను కలతపెట్టినది మరొకటి. ఆ గదికి కిటికీ లేదు. వెలుపల ఎండ నడినెత్తిని ఉన్నదో, వాలిందో, వాన పడుతున్నదో లోపలివారికి తెలియదు. రాయపూరులో చిరకాలము నివసించిన వినోద్ కుమార్ శుక్ల నవల 'గోడలో ఒక కిటికీ ఉండేది' అన్నదానికి 1999లో సాహిత్య అకాడెమీ పురస్కారము వచ్చింది. అందులో ఒక పేద అధ్యాపకుడు, అతని భార్య ఒంటిగదిలో కాపురముంటారు. ఆ గది కిటికీ దాటితే చెరువు, చెట్లు, వేరొక లోకము. అంత చిన్న గదికి అంత పెద్ద కిటికీ! ఇక్కడ ఇంత పెద్ద గదికి ఒక్కటి లేదు. ఈ మాట మా అబ్బాయితో అంటే, "కిటికీ పెడితే ఎండ వస్తుంది నాన్నా" అన్నాడు. అదీ నిజమే.

పిల్లలకు పెద్దలకు నడుమ మాత్రము ఒక అద్దపు గోడ ఉన్నది. వారి నోళ్ళు తెరుచుకోవడము కనిపిస్తుంది, అరుపు వినిపించదు. మా మాటలు వారికి చేరవు. ఇది నాకు లోటుగానే తోచింది, ఇప్పటికీ తోస్తున్నది. మా ఊరిలో బూఢా తాలాబు నడుమ వివేకానందుని పెద్ద విగ్రహము ఉన్నది. ఆయన పదునాలుగేండ్ల నరేంద్రుడుగా 1877లో రాయపూరు వచ్చినాడు. అప్పుడు ఇక్కడికి రైలు లేదు. నాగపూరు నుంచి ఎడ్లబండిమీద అడవులు దాటి వచ్చినారు. పంపదగిన బడి కూడా లేదు. తండ్రి వద్దకు వచ్చే పెద్దమనుష్యులు మాట్లాడుకొంటూ ఉంటే ఆ పిల్లవాడు నడుమ కూర్చుండి వినేవాడు, వాదించేవాడు. పెద్దల మాటలే ఆయనకు బడి. మేము జామకొమ్మమీద విన్న వంటింటి మాటలు అంత గొప్పవి కావు. ఐనా మనుష్యులు ఎట్లా అలుగుతారో, ఎట్లా కలుస్తారో మేము నేర్చినది అక్కడనే. నేను సరిగా నేర్చుకొన్నానా అన్నది వేరే ప్రశ్న.

ఈ లోటును గూర్చి నేను కొంత ఆవేశముతోనే చెల్లెలితో చెప్పినాను. పాతరోజుల కూటములలో ఎంత కలివిడి ఉండేదో అని నిట్టూర్చినాను. ఆమె బల్లమీద మోచేతులు ఆనించి, కాళ్ళు చాపుకొని కూర్చున్నది. "నీకు చెట్టు గుర్తున్నది. నాకు పొయ్యి గుర్తున్నది" అన్నది. "నలుబదిమందికి రుబ్బేవారము. పదేండ్లకే నన్ను రోటి దగ్గర కూర్చుండబెట్టినారు. అమ్మ పండుగనాడు కూర్చుని తినగా నీవు ఎప్పుడైనా చూచినావా? నేను పదిమంది మధ్య ఊరక కూర్చున్నది ఈ రోజే." ఇంతలో పళ్ళెములో ఏవో వేయించిన ముక్కలు వచ్చినవి. రుచి లేనివే. ఆమె వాటిని తినలేదు గాని, ఎవరో తెచ్చి తన ముందు పెట్టినందుకు పళ్ళెమువైపు తృప్తిగా చూచింది.

అన్నయ్య పన్నెండు దాటిన తరువాత వచ్చినాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఒక మోకాలికి శస్త్రచికిత్స జరిగిందట, చేతికర్ర ఉన్నది. ఇంట అయితే ఎదురు వెళ్ళవలెనా, లేచి నిలబడవలెనా, ముందు ఎవరు మాట్లాడవలెను అన్న సమస్య వచ్చేది. ఇక్కడ గుమ్మము నాది కాదు. స్వాగతము చెప్పే పని జీతగాళ్ళది. తలుపు దగ్గరి పిల్ల ఆయనకు నమస్కరించి, చెప్పులు అందుకొని, బల్ల చూపింది. ఆయన బల్లకు ఆ కొసను కూర్చున్నాడు, నేను ఈ కొసను. మధ్య పదకొండుమంది. "బాగున్నావా?" అన్నాడు. "ఆఁ, నువ్వు?" అన్నాను. అంతే. చెల్లెలు కొంగు చాటున తాండ్ర ముక్కలు త్రుంచి ఇటొకటి అటొకటి పంపింది.

బంతులు ఏరి తొట్టిలో వేసే పిల్లతో నేను మాటలు కలిపినాను. ఎవరితోనో ఒకరితో మాట్లాడవలసి ఉన్నది గదా. ఇరువదేండ్లు ఉంటవి, మహాసముంద్ వైపు పల్లె. రోజంతయు ఇతరుల పిల్లలు ఆడుకోవడము చూడడము ఆమె ఉద్యోగము. నీవు చిన్నప్పుడు ఏమి ఆడేదానివని అడిగితే, ఫుగడీ అన్నది. కుంటుగా కూర్చుండి కాళ్ళు మార్చి మార్చి ఎగిరే ఆట అది. ఛత్తీస్‌గఢ్ ఆడపిల్లలందరికి తెలుసు. 2022లో రాష్ట్ర ప్రభుత్వము ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్ అని పల్లెపల్లెన పదునాలుగు పాత ఆటల పోటీలు పెట్టినప్పుడు గిల్లీదండా, బొంగరము, గోళీలతో పాటు ఫుగడీని కూడా చేర్చినారు. హరేలీ పండుగకు ఎక్కే గేడీని, అంటే వెదురు పొయ్‌కాళ్ళను, చేర్చినారు. తన ఊరినుంచి గెలిచినవారెవరో ఆ పిల్ల చెప్పింది. "ఇక్కడ ఎందుకు ఆడించరు?" అన్నాను. "దానికి సామాను ఏమీ అక్కర లేదు బాబూజీ, టిక్కెట్టు ఎట్లా పెడతారు?" అని నవ్వింది. పోలా పండుగకు మట్టి ఎడ్లు, మట్టి తిరుగలి ఇచ్చి పిల్లలను వీధిలోకి తోలే దేశము ఇది. ఆ మట్టి తిరుగలి ఆడపిల్లకే ఇస్తారన్న సంగతి మా చెల్లెలు వెంటనే ఎత్తి చూపింది. ఆనాడు ఆమె నన్ను దేనిలోనూ గెలవనీయలేదు.

మా పిల్లల భాష మూడు విధాలు. హైదరాబాదువారిది ఇంగ్లీషు కలిసిన తెలుగు, భిలాయివారిది హిందీ, మా మనుమరాలిది రెండూ సగము సగము. మొదట అరగంట ఎవరికి వారు తల్లుల ప్రక్క నిలబడినారు. తొట్టిలో దిగిన తరువాత భాష అవసరము తీరిపోయింది. కేకు కోయడము, పాట పాడడము, ఫోటోలు దిగడము అన్నిచోట్ల జరిగినట్లే జరిగినవి.

మా ప్రక్క బల్ల ఒక ఛత్తీస్‌గఢీ కుటుంబానిది. వారికీ పుట్టినరోజే. ఒక ముసలాయన, పల్లెనుంచి వచ్చినవాడు కాబోలు, తలపాగాతో లోపలికి వచ్చినాడు. వస్తూనే నాలుగేండ్ల పిల్లవాని ముందు వంగి, మేజోళ్ళు తొడిగిన ఆ చిన్న పాదాలను రెండు చేతులతో తాకి కన్నుల కద్దుకొన్నాడు. పిల్లవాడు అలవాటున్నట్లు నిలబడి, మరుక్షణము జారుడుబండ వైపు పరుగెత్తినాడు. హైదరాబాదు కోడలు ఆశ్చర్యపడి చూచింది. ఆ పిల్లవాడు ముసలాయనకు భాంచా, అనగా మేనల్లుడి వరుస. ఈ దేశము దక్షిణ కోసలము. కౌసల్య ఇక్కడి ఆడపడుచు అని వీరి నమ్మకము. రాయపూరుకు దగ్గరనే చంద్‌ఖురీలో చెరువు నడుమ ఆమెకు గుడి ఉన్నది. కూతురి కొడుకు కనుక రాముడు ఈ దేశమంతటికి మేనల్లుడు. కనుక ప్రతి మేనల్లుడు రాముడే. మేనమామ ఎంత పెద్దవాడైనా వంగి అతని కాళ్ళు తాకుతాడు. మనలో మేనమామకు పీట వేస్తాము. వీరు మేనల్లునికి వేస్తారు. "ఇన్నేండ్లు ఇక్కడ బ్రతికినాము, ఈ మర్యాద మనకు అంటలేదు" అన్నాడు అన్నయ్య. చెల్లెలితోనే అన్నాడు. కాని బల్ల చివరిదాకా వినబడేటట్లు అన్నాడు.

అప్పుడు మా మనుమరాలు వచ్చి ఇద్దరు తాతయ్యలు తొట్టిలోకి రావలెనని పట్టుపట్టింది. పుట్టినరోజు పిల్ల మాట. నేను వయస్సు సాకుగా చెప్పినాను. అన్నయ్య మోకాలు సాకుగా చెప్పినాడు. ఆమె రెండింటినీ త్రోసివేసింది. ఆ బంతులు ఏరే పిల్ల మేజోళ్ళు లేనిదే కుదరదన్నది. అమ్మాయి వెళ్ళి రెండు జతలు తెచ్చి మా ముందు పడవేసింది. గోడవార మెత్తని బల్ల ఒకటి ఉన్నది. ఇద్దరము దానిమీద ప్రక్కప్రక్కన కూర్చున్నాము. నావి తొడుక్కొన్నాను. ఆయన ఒక కాలికి ఎట్లో తొడుక్కొన్నాడు. రెండవది శస్త్రచికిత్స అయిన కాలు, వంగదు. మేజోడు బొటనవ్రేలి దాకా పోయి అక్కడ ఆగిపోతున్నది. రెండుసార్లు ప్రయత్నించి, దానిని చేతిలో పట్టుకొని ఊరకున్నాడు. వదినె దూరముగా ఉన్నది.

నేను దిగి నేలమీద కూర్చున్నాను. "కాలు ఇటు పెట్టు" అన్నాను. ఆయన పెట్టినాడు. మడమ పగుళ్ళు వారి ఉన్నది. చీలమండ ప్రక్కన ఒక పాత మచ్చ. జామమొక్కకు కంచె కట్టుతూ ఇనుప తీగ గీసుకొన్నది అది, ఆనాడు నేను ప్రక్కన నిలబడి తీగ పట్టుకొని ఉన్నాను. మేజోడు కొత్తది, బిగువుగా ఉన్నది. మడమ దాటించడానికి కాలిని రెండు చేతులతో పట్టుకొనవలసి వచ్చింది. కొంచెము ఎక్కువ సేపే పట్టింది.

తొట్టిలో దిగడము దిగినాము గాని కదలడము తెలియలేదు. బంతులు అడుగు ఆననీయవు. ఎటు మొగ్గితే అటు మునుగుతాము. చివరకు ఇద్దరము గోడకు చేరబడి రొమ్ముదాకా బంతులలో కూర్చున్నాము. పిల్లలు మామీద బంతులు విసరుతున్నారు. ఆయన ఒక ఎర్ర బంతి తీసి త్రిప్పి చూస్తూ, "జామచెట్టు కొట్టివేసినారు, తెలుసా?" అన్నాడు.

"తెలుసు. చూచినాను."

"ఎప్పుడు?"

"ఆరేండ్లయింది. స్టేషను వైపు పోతూ, ఊరకనే అటు తిరిగినాను."

"నేనూ చూచినాను" అన్నాడు. కొంతసేపాగి, "రెండుసార్లు వెళ్ళినాను" అన్నాడు. గుఢియారికి భిలాయినుంచి ఊరకనే తిరిగే దారి ఏదీ లేదు. ఇద్దరిలో ఎవరము ఆ మాట అనలేదు. పెద్ద మనుమడు పైనుంచి దూకడముతో బంతులన్నీ మా ముఖాలమీదికి లేచినవి.

గంటలు అయిపోయినవని చెప్పినారు. పిల్లలు వినలేదు, మరి అరగంట పొడిగించవలసి వచ్చింది. ఆ అరగంట కూడా తీరిన తరువాత మేజోళ్ళు విప్పుకొంటూ మేమిద్దరము మళ్ళీ ఆ గోడవార బల్లమీద కూర్చున్నాము. ఆయన రెండు మేజోళ్ళు ఉండచుట్టి లాల్చీ జేబులో వేసుకొన్నాడు. చేతికర్ర ఊతగా లేచి, మెల్లగా నడిచి, పొడిగించిన అరగంట పైకము తానే కట్టివేసినాడు. అమ్మాయి వద్దన్నది, నేను వద్దనలేదు. కట్టి, కాగితము చేతిలో పట్టుకొని నా దగ్గరకు తిరిగి వచ్చినాడు.

"రసీదు కావలెనా?" అన్నాడు.

నేను రెండవ మేజోడు విప్పుతూ ఉన్నాను. తల ఎత్తలేదు. ఆయన నవ్వుతున్నాడో లేదో నాకు తెలియదు. కాగితము ఇంకా నా కన్నుల ముందే ఉన్నది. చేయి చాచి తీసుకొని, మడిచి, చూడకుండ జేబులో పెట్టుకొన్నాను.